నవంబర్ 27న పుట్టిన మా వాడిని సెలక్షన్స్‌లో తీసుకోలేదు. పుట్టిన నెలకి ఇంత బలం ఉంటుందా?

ఆటోనగర్ నాన్న, విజయవాడ

అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో లారీలకి కమాన్ కట్టలు మార్చే షెడ్డు నాది. ఇల్లు గుణదల. మా అబ్బాయికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆరేళ్లప్పుడు మొదలుపెట్టాడు, ఇప్పుడు పన్నెండు నిండాయి. పొద్దున ఐదున్నరకి వాడిని నేను లేపక్కర్లేదు, వాడే నన్ను లేపి బండి తియ్యమంటాడు.

పోయిన నెల ఒక జట్టు సెలక్షన్స్‌కి తీసుకెళ్లాను. జట్టు పేరు చెప్పను, వాళ్ల మీద పితూరీ కాదిది. 2013లో పుట్టిన పిల్లల బ్యాచ్. అరవై మంది దాకా వచ్చారు, తీసుకునేది పద్దెనిమిది మందిని. మా వాడి చొక్కాకి 41 అని రాసిన కాగితం పిన్నీసుతో పెట్టారు. ముందు పరుగు పందెం. తర్వాత అందరినీ ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టారు. మా వాడు ఆ చివర నుంచి మూడోవాడు.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఆడించారు. ఒక బంతి పైనుంచి వచ్చింది. మా వాడు ఎడమ కాలితో దాన్ని పిల్లిని దించినట్టు మెత్తగా నేల మీదికి దించి, తల ఎత్తకుండానే పక్కన పరిగెత్తేవాడి ముందుకి తోశాడు. నా పక్కన నిలబడ్డ పెద్దాయన ‘ఎవరబ్బాయి?’ అని అడిగారు. ‘మావాడేనండీ’ అనేలోపు రెండో బంతి వచ్చింది. ఈసారి నూగు మీసం వస్తున్న కుర్రాడు భుజం తగిలించేసరికి మా వాడు రెండు గజాల అవతల పడ్డాడు. సెలక్టర్ గారు అప్పుడే కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఏం రాసుకున్నారో నాకు అర్థమైపోయింది.

సాయంత్రం లిస్టు గోడకి అంటించారు. పేర్ల పక్కన పుట్టిన తేదీలు కూడా ఉన్నాయి. ఫోటో తీసుకుని, రాత్రి షెడ్డులో బిల్లు బుక్కు వెనకాల పన్నెండు గళ్లు గీసి ఒక్కొక్కరి తేదీ చూసి గీత పెట్టాను. పద్దెనిమిది మందిలో జనవరి, ఫిబ్రవరి, మార్చి వాళ్లే తొమ్మిది మంది. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ మూడూ కలిపి ఒక్కడు. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ గీశాను. అంతే వచ్చింది.

నన్ను ఇంకా బాధ పెట్టేది వేరే ఉంది. వీడికి డాక్టరమ్మ ఇచ్చిన డేట్ జనవరి 6. మా ఆవిడకి బీపీ పెరిగిపోయి, ఇక ఆగితే ఇద్దరికీ ప్రమాదమని నవంబర్ 27న ఆపరేషన్ చేసి తీశారు. కేజీ తొమ్మిది వందల గ్రాములు. పదకొండు రోజులు బాక్సులో పెట్టారు. ఆ నలభై రోజులు కడుపులోనే ఉండుంటే 2014 బ్యాచ్‌లో అందరికంటే పెద్దవాడయ్యేవాడు. ఇప్పుడు 2013 బ్యాచ్‌లో దాదాపు అందరికంటే చిన్నవాడు.

మా అత్తగారు జాతకం చూపించమంటున్నారు. షెడ్డుకి వచ్చే ఒకాయన ‘ఇంకో సర్టిఫికెట్ పుట్టిద్దాం, జనవరి అని వేయిస్తే సరి’ అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి. ఇది నిజంగా అన్నిచోట్లా ఉన్నదేనా, నేను బాధలో ఊహించుకుంటున్నానా? పెద్దయ్యాక కూడా ఇలాగే ఉంటుందా? వాడు ఆ రోజు నుంచి బూట్లు మంచం కిందికి తోసేశాడు. నాకు నిద్ర పట్టడం లేదు.

డ్రిల్ మాస్టారు, గుంటూరు

తమ్ముడూ, నేను ఇరవై రెండేళ్లుగా బడిలో పీఈటీని. ముందు ఆ సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం. ఆ జోలికే పోవద్దు. పట్టుబడితే పిల్లాడి మీద నిషేధం పడుతుంది, నీ మీద కేసు పడుతుంది. ఫిఫా 2009 నుంచి అండర్-17 ప్రపంచ కప్‌లో పిల్లల అసలు వయసు తెలుసుకోవడానికి మణికట్టుకి ఎమ్ఆర్ఐ తీయిస్తోంది. మన క్రికెట్ బోర్డు కూడా చిన్న వయసు జట్లకి మణికట్టు ఎక్స్‌రే తీయిస్తుంది. పట్టుబడకపోయినా నష్టమే. తేదీ మార్పించుకుని వచ్చిన కుర్రాణ్ణి ఒకణ్ణి దగ్గరగా చూశాను. నాలుగేళ్లు తనకంటే చిన్నపిల్లల్ని తోసుకుంటూ గోల్స్ కొట్టాడు. పాస్ ఇవ్వాల్సిన అవసరమే రాలేదు వాడికి. పదిహేడు దాటి మిగతావాళ్లు కూడా వాడంత అయ్యాక, వాడి దగ్గర చూపించడానికి ఏమీ మిగల్లేదు.

మా తరంలో ఈ లెక్క వేద్దామన్నా కుదిరేది కాదు. సగం మందికి బడి పుట్టినరోజే. నాకు మా హెడ్మాస్టారు జూన్ 5 అని రాసేశారు. మా అమ్మేమో నేను కార్తీక మాసంలో పుట్టానని చెప్పేది. ఇప్పుడు ఆసుపత్రి నుంచే తేదీ వస్తోంది కాబట్టి నువ్వు గీసిన గీతల్ని నమ్మొచ్చు.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. నేనూ అలాగే తీసుకున్నాను, ఒకటి రెండుసార్లు కాదు, ఏళ్ల తరబడి. సోమవారం సర్క్యులర్ వస్తుంది, గురువారానికి జట్టు పంపాలి, శనివారం మ్యాచ్. గెలిస్తే బడికి పేరు. కార్నర్ కిక్‌కి తల అందేవాడు కావాలి, గోల్ కిక్ సగం గ్రౌండ్ దాటించేవాడు కావాలి. పుట్టిన నెల చూసి ఎవరినీ తీసుకోలేదు నేను. ఎత్తు చూశాను, పరుగు చూశాను. ఆ రెండింటి వెనకాల నెల ఉందని నాకు తట్టలేదు. నీ పోస్టు చదివాక పాత రిజిస్టర్లు తీశాను. నాకు ఎడమ కాలి ఆటగాడు కావాలని మూడేళ్లు వెతుక్కున్న రోజుల్లో, ఎడమ కాలి వాడొకడు మా ఏడో తరగతిలోనే ఉన్నాడు. డిసెంబర్ వాడు. వరసలో చివర నిలబెట్టి మర్చిపోయాను.

స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని ఉంటాయి. అక్కడ నెల ఒక్కటే కాదు, ఏడాది కూడా దెబ్బ తీస్తుంది. అండర్-14 దాటి అండర్-17లో అడుగుపెట్టిన కుర్రాడు, తనకంటే దాదాపు మూడేళ్లు పెద్దవాళ్లతో ఆడాల్సి వస్తుంది. ఆ ఒక్క ఏడాదిలో మానేసినవాళ్లని ఎంతమందిని చూశానో. మీ వాడి విషయంలో ఆ ఏడాది దగ్గర జాగ్రత్తగా ఉండు.

పటమట ఫిజియో

అన్నయ్యా, నేను స్పోర్ట్స్ ఫిజియోథెరపీ చదివాను, బెంజి సర్కిల్ దగ్గర చిన్న క్లినిక్ నడుపుతున్నాను. మీరు ఊహించుకున్నది కాదిది. మీరు బిల్లు బుక్కు వెనకాల చేసిన పనే 1980ల్లో కెనడాలో ఒక భార్యాభర్తలు చేశారు. రోజర్ బార్న్‌స్లీ అనే సైకాలజిస్టు కుటుంబంతో ఐస్ హాకీ మ్యాచ్‌కి వెళ్తే, ఆయన భార్య పాలా చేతిలో ఉన్న ప్రోగ్రాం కాగితంలో ఆటగాళ్ల పుట్టిన తేదీలు చూసి, అన్నీ జనవరి, ఫిబ్రవరి, మార్చిలే ఉన్నాయేమిటి అందట. అక్కడ బ్యాచ్ కటాఫ్, అంటే కొత్త బ్యాచ్ లెక్క మొదలయ్యే తేదీ, జనవరి 1. ఆయన మిగతా జట్లన్నీ తిరగేస్తే అదే వరస కనిపించింది. 1985లో పేపర్ రాశారు. తర్వాత ఫుట్‌బాల్‌లోనూ అదే తేలింది. పద్దెనిమిది మంది లిస్టు ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం గానీ, మీ లిస్టు ప్రపంచమంతా కనిపించే వరసలోనే ఉంది.

జాతకం సంగతి. అత్తయ్యగారికి బెల్జియం కథ చెప్పండి. అక్కడ పిల్లల ఫుట్‌బాల్ కటాఫ్ ముందు ఆగస్టు 1 ఉండేది. అప్పుడు ఎంపికైన పిల్లల్లో ఆగస్టు, సెప్టెంబర్ వాళ్లు ఎక్కువ. 1997లో కటాఫ్‌ని జనవరి 1కి మార్చారు. ఏడాది తిరిగేసరికి జనవరి, ఫిబ్రవరి వాళ్లు పైకి వచ్చారు, ఆగస్టు వాళ్ల సంఖ్య పడిపోయింది. వెర్నర్ హెల్సెన్ బృందం లెక్కలతో చూపించింది. ఆ ఒక్క ఏడాదిలో గ్రహాలు మారలేదు, ఆఫీసు కాగితం మీద తేదీ మారింది. ఇంగ్లండ్‌లో కటాఫ్ సెప్టెంబర్ 1, అక్కడ సెప్టెంబర్ పిల్లలకి లాభం. జపాన్‌లో బడి ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, అక్కడ ఏప్రిల్ పిల్లలకి లాభం. మీ అబ్బాయి నవంబర్ 27తోనే ఇంగ్లండ్‌లో పుట్టుంటే తన బ్యాచ్‌లో పెద్ద పిల్లల్లో ఒకడయ్యేవాడు.

ఎందుకు జరుగుతుందంటే, ఎనిమిదేళ్ల వాడికి పదకొండు నెలలంటే తను బతికిన కాలంలో తొమ్మిదో వంతు. అంత తేడా ఉన్నవాడు కాస్త వేగంగా, కాస్త ధైర్యంగా కనిపిస్తాడు. వాణ్ణి మంచి కోచ్ దగ్గర పెడతారు, ఎక్కువ మ్యాచ్‌లు ఆడిస్తారు, ‘వీడు బాగా ఆడతాడు’ అని నలుగురూ అంటారు. రెండో ఏడాదికి వాడు నిజంగానే బాగా ఆడతాడు. మొదట్లో ఉన్నది వయసు తేడానే, అది శిక్షణ తేడాగా మారిపోతుంది. పాతికేళ్లకి ఆ పదకొండు నెలలు ఇరవై ఏడో వంతు, శరీరంలో కనపడదు. కానీ అప్పటికి జట్లలో మిగిలేది చిన్నప్పుడు ఎంపికైనవాళ్లే కాబట్టి, సీనియర్ ఫుట్‌బాల్‌లో కూడా ఈ వరస కొంత మిగులుతుంది. యూరప్ పెద్ద లీగుల్లోనూ ఉంది, పిల్లల జట్లలో ఉన్నంత గట్టిగా ఉండదు.

ఇక్కడ ఒక విషయం చాలామంది కలిపేస్తారు. నెల వేరు, ఎదుగుదల వేరు. ఒకే రోజు పుట్టిన ఇద్దరు మగపిల్లల్లో ఒకడికి పన్నెండుకే మీసం వస్తుంది, ఇంకొకడికి పదిహేను వచ్చినా రాదు. మగపిల్లలు సగటున పద్నాలుగేళ్ల దగ్గర ఒక్కసారిగా పొడుగవుతారు, ఆడపిల్లలు దాదాపు రెండేళ్లు ముందే. మీ వాణ్ణి పడేసిన కుర్రాడు జనవరి వాడే కానక్కర్లేదు, త్వరగా ఎదిగినవాడు అయ్యుండొచ్చు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ దీనికోసమే పిల్లల్ని వయసుతో కాకుండా ఎదుగుదలతో జట్లు కట్టి ఆడించి చూసింది. పిల్లాడి వయసు, ఎత్తు, బరువు, అమ్మానాన్నల ఎత్తు కలిపి వాడు చివరికి ఎంత పొడుగవుతాడో అంచనా వేస్తారు. అందులో 85 నుంచి 90 శాతం ఎత్తుకి చేరినవాళ్లందరినీ ఒకచోట ఆడించారు. ఆలస్యంగా ఎదిగే పిల్లలు తమ ఆట చూపించుకునే వీలు దొరికిందన్నారు. పెద్ద శరీరం ఉన్నవాళ్లు మొదటిసారి తలతో ఆలోచించి ఆడాల్సి వచ్చిందన్నారు. బెల్జియం సమాఖ్య అయితే ఆలస్యంగా ఎదిగే పిల్లల కోసం ఫ్యూచర్స్ అని వేరే జాతీయ జట్లే పెట్టింది.

మీరు రేపే చేయగలిగింది ఒకటుంది. నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయోగం, 2017లో అచ్చయింది. పిల్లల మ్యాచ్ చూపించి ఎవరిలో సత్తా ఉందో చెప్పమని స్కౌట్లని, అంటే క్లబ్బుల కోసం ఆటగాళ్లని వెతికేవాళ్లని, అడిగారు. కొందరికి వయసు గురించి ఏమీ చెప్పలేదు, వాళ్లు పెద్ద పిల్లల్నే ఎక్కువ మెచ్చారు. కొందరికి పుట్టిన తేదీల కాగితం ఇచ్చారు, అయినా పెద్ద పిల్లల్నే మెచ్చారు. మూడో గుంపుకి మాత్రం, చొక్కా నంబర్లు వయసు వరసలో ఉన్నాయని చెప్పారు. ఆ గుంపులో పక్షపాతం పోయింది. తేదీ జేబులో ఉంటే గుర్తురాదు, వీపు మీద ఉంటే కంటి ముందే ఉంటుంది. ఒక మార్కర్ పెన్ను ఖర్చు.

వాడికి చెప్పండి, కిలియన్ ఎంబాపే డిసెంబర్ 20న పుట్టాడు, అదీ జనవరి కటాఫ్ ఉన్న ఫ్రాన్స్‌లో. మన బైచుంగ్ భూటియా డిసెంబర్ 15. హ్యారీ కేన్ జూలై 28, అంటే సెప్టెంబర్ కటాఫ్ ఉన్న ఇంగ్లండ్‌లో మీ వాడిలాగే చివర. ఆర్సెనల్ క్లబ్ వాళ్లు చిన్నప్పుడు ఆయన్ని ఒక్క సీజన్ చూసి పంపించేశారు. జర్మనీ పెద్ద లీగు బుందెస్‌లీగాలో జీతాలు చూస్తే, తమ బ్యాచ్‌లో చివర పుట్టి కూడా పై దాకా వచ్చినవాళ్లు సగటున ఎక్కువ సంపాదిస్తున్నారని 2007లో ఒక అధ్యయనం వచ్చింది.

డిసెంబర్ వాడు, కృష్ణలంక

అక్కా, మీరు చెప్పిందంతా నిజమే గానీ ఆ చివరి పేరా దగ్గర నాకు గొంతు పట్టేసింది. నేను డిసెంబర్ 19. యూనివర్సిటీ జట్టు దాకా ఆడాను. మా వీధిలో నాకంటే బాగా ఆడేవాడు ఒకడుండేవాడు, అక్టోబర్ వాడు. కట్ట మీద ఇద్దరం టెన్నిస్ బాల్‌తో ఆడేవాళ్లం. వాడి కాళ్ల మధ్య నుంచి నేను ఒక్కసారి కూడా బంతి తియ్యలేకపోయాను. పదమూడేళ్లప్పుడు వరసగా రెండు సెలక్షన్స్‌లో తీసేశారు. మూడోదానికి రమ్మని ఇంటికెళ్తే ‘నాకు ఆట రాదులేరా’ అన్నాడు. వాడికి ఆట రాకపోవడమేమిటి? ఇప్పుడు టీవీలో మ్యాచ్ వచ్చినా ఛానల్ మార్చేస్తాడు.

పైకి వచ్చిన డిసెంబర్ వాళ్లు గట్టివాళ్లని లెక్కలు చెప్తాయి, ఎందుకంటే మెత్తగా ఉన్నవాళ్లు మధ్యలోనే రాలిపోయారు. వాళ్లు ఏ లెక్కలోనూ లేరు. అన్నా, మీ అబ్బాయికి ఎంబాపే పేరు చెప్పండి, వద్దనను. కానీ ముందు ఈ మాట చెప్పండి: ‘నీకు ఆట రాక కాదు, ఆ రోజు వాళ్లు కొలిచింది నీ ఆటని కాదు.’ నాకు మా నాన్న ఈ మాటే చెప్పి, ఆ సాయంత్రమే కట్ట మీదికి తీసుకెళ్లి చీకటి పడేదాకా నాతో ఆడాడు. ఆయనకి బంతి తన్నడం రాదు. చెప్పులు తీసేసి వట్టి కాళ్లతో ఆడాడు.

పటమట ఫిజియో

తమ్ముడూ, నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నేను నిలిచినవాళ్లనే చూపించాను, రాలిపోయినవాళ్ల వైపు నుంచి చూడాల్సింది.

ఆటోనగర్ నాన్న, విజయవాడ

అందరికీ దండాలు. మూడు వారాలు రాయలేకపోయాను. సర్టిఫికెట్ మాట ఆ మనిషికి ఆ రోజే వద్దని చెప్పేశాను.

కృష్ణలంక తమ్ముడు రాసింది మా వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి ‘ఆ అక్టోబర్ అన్నయ్య మళ్లీ ఆడలేదా?’ అని మాత్రం అడిగాడు. మర్నాడు పొద్దున చూస్తే బూట్లు గుమ్మం దగ్గర ఉన్నాయి.

వాడు రోజూ వెళ్లే కోచ్ గారితో మాట్లాడాను. మంచి మనిషి, కుర్రాడే. ఫిజియో అమ్మ రాసిన చొక్కా నంబర్ల సంగతి ఫోన్‌లో చూపిస్తే, కోపం తెచ్చుకుంటారనుకున్నాను. ‘ఆదివారం చేద్దాం సార్’ అన్నారు. పిల్లలు ఇరవై ఆరుగురు. జనవరి 3 వాడికి 1, అక్కడి నుంచి వరసగా. నేను షెడ్డులో నంబర్ ప్లేట్లు రాసే పెయింటర్‌తో పాత బనియన్ల మీద పెద్దగా రాయించి తీసుకెళ్లాను. మా వాడికి 25 వచ్చింది.

ఒకే చోట నిలబడి చూశాం నేనూ కోచ్ గారూ. మొదటి ఐదు నిమిషాలు 2, 4, 7 నంబర్లే కనపడ్డాయి, వాళ్లే బంతి మీద ఉన్నారు. తర్వాత కోచ్ గారు ‘ఇరవైలు చూద్దాం సార్’ అన్నారు. అప్పుడు మా కళ్లు వాళ్ల మీదికి వెళ్లాయి. 22 వాడు బంతి రాకముందే ఎటు పోవాలో చూసి పెట్టుకుంటున్నాడు. మా వాడు రెండుసార్లు పడ్డాడు, మూడోసారి ఆ పెద్ద కుర్రాడు రాకముందే బంతి వదిలేశాడు. కోచ్ గారు నోట్ బుక్కులో నాలుగు నంబర్లు రాసుకున్నారు. అందులో 25 లేదు. అడగాలనిపించింది, అడగలేదు. రాసుకున్నవాటిలో 22 ఉంది, 26 ఉంది.

26 వాడు డిసెంబర్ 30. ఏడాదిగా మా వాడితోనే ఆడుతున్నాడు, నేను రోజూ అక్కడే నిలబడుతున్నాను, ఆ పిల్లాడిని ఒక్కరోజు కూడా చూసినట్టు గుర్తు లేదు. మా వాడి కంటే బెత్తెడు పొట్టి. ఆ రోజు ముగ్గురి మధ్య నుంచి బంతి తీసుకుపోయి, గోల్ కొట్టే వీలుండీ పక్కవాడికి ఇచ్చాడు. అయిపోయాక అడిగితే చెప్పాడు, ఇల్లు సింగ్ నగర్ అట, నాన్న రాత్రి డ్యూటీ దిగి నిద్రపోతారు కాబట్టి సిటీ బస్సులో ఒక్కడే వస్తాడట, వచ్చే వారం నుంచి మానేద్దామనుకుంటున్నాడట. ఎందుకురా అంటే ‘నన్ను ఎలాగూ తీసుకోరు అంకుల్’ అన్నాడు.

కోచ్ గారిని పిలిచి ఆ నోట్ బుక్కులో 26 చూపించమన్నాను. మా వాడు కూడా వంగి చూశాడు, ‘ఒరేయ్, నీ నంబరే’ అని వాడి వీపు మీద కొట్టాడు. వాడి నాన్నతో ఫోన్‌లో మాట్లాడాను. ఇప్పుడు పొద్దున్నే నేను ముందు సింగ్ నగర్ వెళ్లి, వాడిని కూడా బండి ఎక్కించుకుని గ్రౌండ్‌కి వస్తున్నాను. మా వాడు ఐదున్నరకి కాదు, ఐదింటికే లేపుతున్నాడు.